అతికిన పోగులు

మొగుణ్ని చూస్తే భయమేస్తోందని కమలాక్షి ఎవరితో చెప్పుకుంటుంది?

పెనుకొండ దగ్గర లారీ గుద్ది ఇద్దరూ బండి మీద నుంచి ఎగిరిపడ్డారు. నెల తర్వాత బెంగళూరు ఆస్పత్రి నుంచి ఇద్దరూ ధర్మవరం తిరిగొచ్చారు. ఆమె ఒంటి మీద గీత కూడా లేదు. ఆదినారాయణకు మాత్రం తల నిండా కుట్లు.

"మే" అని పిలిచే మనిషి ఇప్పుడు "కమలాక్షీ" అంటున్నాడు. వేరే గదిలో గడియ పెట్టుకుని పడుకుంటున్నాడు. పైగా ఈ ఆరాలొకటి.

"మన పెండ్లినాడు నా పంచె ఎట్ల చినిగింది, గుర్తుండాదా?"

"పీట మేకుకు తగులుకొని చినిగింది కదప్పా. నీకు తెల్దా?"

ఆయన మొహం పాలిపోయింది. 

ఈమధ్య అందరి నోటా అదే మాట. చనిపోయినవాళ్లను అచ్చంగా మళ్లీ తయారుచేసి పంపుతున్నారట. అదే రూపు, అవే జ్ఞాపకాలు. తాను చచ్చిపోయిన సంగతి ఆ మనిషికే తెలియదట. పాపం, ఈయనకూ తెలియదేమో. కట్టుకున్నవాడు ఎక్కడో బూడిదైపోయి ఉంటే, తాను రోజూ అన్నం పెడుతున్నది ఎవరికి?

జ్ఞాపకాలైతే పోసి పంపుతారు. చేతి అలవాటును ఎట్లా పోస్తారు?

మగ్గం మీద కొత్త వార్పు నిలువు పోగులు సగం అతికి ఉన్నాయి. పాత పోగు కొసకు కొత్త పట్టుపోగును చేర్చి, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ప్రమాదానికి ముందు రోజు ఇద్దరూ చెరో అంచు నుంచి మొదలుపెట్టిన పని అది. నేతగాళ్లలో ఎవరి మెలి వాళ్లది. చచ్చినా మారదు.

"వార్పు అతుకుదామా?" అంది భయంభయంగా.

"నేనూ అదే అనుకుంటాండా," అన్నాడు ఆయన.

మధ్యాహ్నం దాకా అతికారు. ఆయన చూపు పోగుల మీద కంటే ఆమె వేళ్ల మీదే ఎక్కువగా ఉంది.

ఆయన నీళ్లకు లేచినప్పుడు గబగబా ఆయన అంచు చూసింది. పాత అతుకులు ఎడమకు మెలి తిరిగి ఉన్నాయి. ఇవాళ్టివీ ఎడమకే. ఆయనే. తన ఆదినారాయణే. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

తలెత్తేసరికి ఆయన ఆమె అంచు దగ్గర వంగి పాత అతుకులనూ కొత్త అతుకులనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏమైందప్పా?"

 వేలు పెట్టి చూపించాడు.

అక్కడ పాత అతుకులన్నీ కుడికి మెలి తిరిగి ఉన్నాయి. ఈ పొద్దు ఆమె అతికినవి మాత్రం ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, ఇంకా ఏ వాటమూ పడని కొత్త చేతివి.