పచ్చదీపం వెనక

ఆడో మగో తెలిసిపోతుందని స్కానింగ్ బొమ్మలన్నిటికీ తాళం వేసిన పెద్దలారా, మీరు దాచింది ఆ ఒక్క సంగతేనా?

పలాస జీడిపప్పు షెడ్డులో పనిచేసే నీలవేణికి ఎనిమిదో నెల. గర్భిణులందరికీ ఉన్నట్టే ఆమె నడుముకీ సర్కారు పట్టీ ఉంది. అది రోజూ కడుపులోకి చూస్తుంది; బొమ్మ దాచుకుని, బయటికి దీపం మాత్రం వెలిగిస్తుంది: బాగుంటే పచ్చ, లేకుంటే ఎరుపు.

ఆ ఉదయం నర్సు రాహేలు తాళం పడని తన పాత స్కానింగ్ మిషను పెట్టి చూస్తూ చెయ్యి ఆపేసింది.

“ఏటప్పా, మాటాడవేటి? కవలలా?” నీలవేణి నవ్వింది.

“నవ్వకే. బిడ్డ నెత్తుటి నరాలు గర్భసంచి వాకిలికి అడ్డంగా పడున్నాయి. వాటికి ఏ కాపూ లేదు. ఉమ్మనీరు పోయినప్పుడు అవి తెగితే, పోయేది బిడ్డ నెత్తురే. నిమిషాల్లో ప్రాణం పోతుంది.”

“మరి పట్టీ పచ్చగుందే!”

“గుండె కొట్టుకుంటే చాలు, దానికి పచ్చే.”

ఇద్దరూ అప్పుడే ఆసుపత్రికి పరిగెత్తారు. బల్ల దగ్గర గుమస్తా తల ఎత్తలేదు.

“దీపం ఎర్రబడితేనే ఆపరేషనుకి తేదీ ఇస్తామమ్మా. నొప్పులొచ్చాక రండి.”

“గుండె ఆగిపోతుంటే గానీ అది ఎర్రబడదయ్యా!” అంది రాహేలు.

నీలవేణి పట్టీ విప్పి బల్ల మీద పడేసి, అక్కడే బైఠాయించింది.

“ఆడో మగో నాకొద్దు. ఆ ముక్క దాచుకోండి. ప్రమాదం దాచకండి. డాక్టర్ని పిలిచి ఇప్పుడే బొమ్మ తెరవండి. నొప్పులు రాకముందే కోసి నా బిడ్డని తియ్యండి!”