రెండూ వంకాయలే

తొమ్మిది కొట్టగానే క్లాసు తలుపు గడియ పెడతాను. ఒక్క నిమిషం లేటైనా ఆ రోజుకు ఇంటికి పోవాల్సిందే. జపాన్ వెళ్లి పనిచేయాలనుకునేవాళ్లకు భాషకంటే ముందు టైము రావాలని నా పట్టుదల.

ఆ రోజు పాఠం ఓబోన్ పండగ. ఏడాదికోసారి, ఎక్కువగా ఆగస్టులో, చనిపోయినవాళ్లు ఇంటికొచ్చి పోతారని అక్కడివాళ్ల నమ్మకం. వాళ్లు త్వరగా రావడానికి కీరదోసకాయతో గుర్రం, మెల్లగా తిరిగి వెళ్లడానికి వంకాయతో ఆవు చేసిపెడతారు. నరసరావుపేట మార్కెట్లో కూరగాయలు కొని తెచ్చాను. అగ్గిపుల్లలు కాళ్లుగా గుచ్చమని అందరికీ చూపించాను.

క్లాసంతా నవ్వుతూ చేశారు. కోటేశ్వరి ముందు మాత్రం రెండూ వంకాయలే ఉన్నాయి. పదిహేను రోజులు నాగా పెట్టి, ముందురోజే మళ్లీ వచ్చింది. ఎందుకు రాలేదని నేను అడగలేదు. సాకులు నా దగ్గర నడవవు.

"గుర్రం ఏదమ్మా? పాఠం విన్నావా, నిద్రపోయావా?"

"విన్నా మేడం. మా అన్నకి గుర్రం వద్దు. వచ్చేటప్పుడు కూడా మెల్లగానే రానీండి."



"మీ అన్నకేమైంది?"

ఆమె తలెత్తకుండా రెండో వంకాయకు నాలుగో పుల్ల గుచ్చింది.

"రోజూ నన్నిక్కడ దించేది మా అన్నే మేడం. ఆ రోజు పొలం నుంచి బండి మీద వస్తా, నకరికల్లు అడ్డరోడ్డు కాడ లారీ కింద పడ్డాడు. తొమ్మిది దాటితే మీరు తలుపేస్తారని, గబగబా రమ్మని నేనే ఫోన్ చేశా."