నీగాతా చిరునామా

"జపాన్ వెళ్ళేది ఈ ఇంటివాళ్ళేనా అమ్మా?"

గుమ్మం బయట ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి.

కావేరి తలూపింది. తాము జపాన్ వెళ్తున్న సంగతి తమ పేట లంబాలైన్ అంతటికీ తెలుసు. ఈయన్ని మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నా పేరు గవరయ్య. డిగ్లీపూర్ నించి వస్తున్నాను. మీ ఆయన దుకాణంలో సిమెంటు కొనే బాబ్జీ మా ఊరివాడే. అతను చెప్పాడు. రాత్రి ఓడెక్కి ఇప్పుడే ఫీనిక్స్ బే రేవులో దిగాను."

"ఇంత దూరం మాకోసమా?"

"మీకోసమేనమ్మా."

లోపల టేబుల్ నిండా కాగితాలు. టోక్యో, ఫూజీ కొండ, క్యోటో, నారా. పది రోజుల్లో అన్నీ చూడాలి. ఏ గుడి ఏ ఊళ్ళో ఉందో కావేరికి కలిసిపోతోంది. ఆమె భర్త ప్రదీప్ పొద్దున రాసింది సాయంత్రం కొట్టేస్తున్నాడు.

గవరయ్య సంచిలోంచి ఫోటో తీసి వాళ్ళ ముందు పెట్టాడు. సైనికుడి బట్టల్లో ఒక కుర్రాడు, పక్కన భార్య, ఆమె ఒళ్ళో చంటిపాప. ఫోటో వెనకవైపు జపాన్ అక్షరాలు.

"ఇది ఆ పాపకి ఇవ్వాలి."

"ఏ పాపకి?" కావేరికి అర్థం కాలేదు.

"ఒళ్ళో ఉంది కదమ్మా, ఆ పాపకి."

ప్రదీప్ ఆ అక్షరాల మీద ఫోన్ పెట్టి చదివించాడు.

"నీగాతా అంట. మన దారిలో లేదు. అయినా ఇది ఎనభై ఏళ్ళ కిందటి అడ్రస్, పెద్దాయనా!"

"పాప ఉంటే నా ఈడుదే బాబూ. నేనున్నాను కదా."

"ఇతను మీకేమవుతాడు?" కావేరి అడిగింది.

"ఏమీ అవడమ్మా. యుద్ధం రోజుల్లో జపాన్‌వాళ్ళు ఈ దీవుల్లో తిష్ఠ వేశారు కదా. ఆఖర్న వాళ్ళకీ తిండి లేదు. ఇతను జొరంతో వచ్చి మా గుమ్మంలో పడ్డాడంట. మా అమ్మ గంజి పోసింది. నాలుగో రోజు పోయాడు. పెరట్లోనే పూడ్చిపెట్టి, ఫోటో దాచింది. తను పోయేముందు నా చేతికిచ్చింది, వాళ్ళవాళ్ళకి చేర్చమని."

"మీవాళ్ళకి దోస్తా?" అన్నాడు ప్రదీప్.

గవరయ్య ఫోటో వైపు చూశాడు.

"తెలిసినవాడే," అన్నాడు.

ప్రదీప్ కావేరిని వంటింట్లోకి పిలిచాడు.

"నాకేం సమఝ్ కావట్లేదు. ఆ రోజుల్లో జపాన్‌వాళ్ళకి దోస్తులంటే ఎవరు? మనవాళ్ళ మీద కబుర్లు మోసినవాళ్ళు. ఇందులో మనం దూరడం ఎందుకు?"

"అబద్ధం చెప్పే మనిషిలా లేడండీ."

"అబద్ధం అన్లేదు. సగమే చెప్తున్నాడు."

అది కావేరికీ అనిపించింది. కానీ ఆ మిగతా సగం ఏమిటో అడగడానికి నోరు రాలేదు.

బయటికొచ్చి, "టికెట్లు, హోటళ్ళు అన్నీ అయిపోయాయి. ఆ ఊరు కుదరదేమో," అంది.

గవరయ్య టేబుల్ మీది కొట్టివేతల కాగితాల వైపు చూశాడు. ఆమె ముఖం వేడెక్కింది.

"ఫర్వాలేదమ్మా. నంబరు ఇచ్చి పోతాను. కుదిరితే ఫోన్ చెయ్యి."

ఫోటో మళ్ళీ సంచిలో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు వారాలు కావేరికి ఏ పనిమీదా మనసు నిలవలేదు. ఫోన్లో జపాన్ వీడియో పెట్టుకుంటుంది. కొండలు, పూలు, చెక్క గుడులు. మధ్యలో ఏ ముసలమ్మ నడిచి వెళ్ళినా, ఆ పాప ఈవిడేనేమో అనిపిస్తుంది. నాకెందుకు ఇదంతా అని విసుక్కుంటుంది. మళ్ళీ అదే వీడియో వెనక్కి తిప్పుతుంది.

ఒక ఆదివారం కాగితం మీద నారా కొట్టేసి నీగాతా రాసింది.

"అరే! నారాలో జింకల్ని చూడాలన్నది నువ్వే కదా!" అన్నాడు ప్రదీప్.

"అవును."

"మరి?"

"ఏమో. అడక్కండి. నాకూ తెలీదు."

అతను ఆమె ముఖం చూసి రైలు టైములు వెతకడం మొదలుపెట్టాడు.

కావేరి డిగ్లీపూర్ నంబరుకి ఫోన్ చేసింది. ఆడగొంతు పలికింది.

"గవరయ్యగారున్నారా?"

"నాన్న పోయారండీ. పన్నెండు రోజులైంది. నేను కూతుర్ని, లక్ష్మీకుమారిని."

కావేరి తను ఎవరో, ఎందుకు ఫోన్ చేసిందో చెప్పింది.

"మీరా దీదీ! ఫోటో ఇక్కడే ఉంది. మీరు ఫోన్ చేస్తే పంపమన్నారు. రేపు బస్సులో పంపిస్తాను."

"చేస్తామని మేం చెప్పలేదే!"

"ఆవిడ చేస్తుంది అన్నారు."

కావేరి కళ్ళు తుడుచుకుంది. "ఇంకొక్కటి అడగనా? ఆ ఫోటోలో అతనంటే మీ ఇంట్లోవాళ్ళకి ఎందుకంత అభిమానం? అక్కడ అతనివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలీక అడుగుతున్నాను."



"చివర్లో ఒంటరిగా లేడని చెప్పండి దీదీ, అది చాలు," అంది లక్ష్మీకుమారి. "మా తాతని కాల్చి చంపిన సిపాయి అతనే, ఆ మాట మీతో అంటే ఎక్కడ ఆ పాప దాకా పోతుందోనని నాన్న మీకు చెప్పలేదు."