ఎరుపు తగ్గించిన బొమ్మ

"ఎరుపు కాస్త తగ్గించండి," అన్నాడు డాక్టరు.

బొమ్మలాయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసి వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నేళ్లలో ఈ డాక్టరు తగ్గించమనడం ఇదే మొదలు. కణితి కొట్టొచ్చినట్టు కనబడాలి, చూసినవాళ్లు నాన్చకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోవాలి అంటూ ఎప్పుడూ ఎరుపు పెంచమనే మనిషి.

ఆసుపత్రి పై అంతస్తులో చివరి గది బొమ్మలాయనది. కింద స్కాన్ తీస్తారు. పేరు, వయసు, చిరునామా తీసేసి ఆ నలుపు తెలుపు ముక్కలు పైకి పంపుతారు. అతను వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, రంగులు వేసి, తెర మీద ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకునే బొమ్మగా మలుస్తాడు. డాక్టరు గంటసేపు చెప్పినా తలకెక్కనిది ఆ బొమ్మ చూస్తే ఇంట్లోవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. మొదట్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. లేత గులాబీ రంగు లివర్ని చూసి, ఇది పెళ్లికేమైనా వెళ్తోందా అని డాక్టరు వెక్కిరించాడు. మీ స్కాన్ చూస్తే చెడిపోయిన టీవీ చూసినట్టుందని అతనూ అంటించాడు. అలా పోట్లాడుకుంటూనే స్నేహితులయ్యారు.

ఈసారి వెక్కిరించుకోవడానికి ఏమీ లేదు. క్లోమం మీద పుట్టిన కణితి పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టేసుకుంది. కత్తి పెట్టే చోటు లేదు. ఎవరో ఆడమనిషి. ఆపరేషన్ కుదరదని, మిగిలింది కొద్ది నెలలేనని ఆమెకి తెలుసు. తెలియాల్సింది భర్తకి.

"ఆయన నోటిమాట నమ్మే రకం కాదు," అన్నాడు డాక్టరు. "ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రి అంటూ ఆమెని తిప్పుతాడు. ఉన్న నాలుగు రోజులూ ప్రయాణాలకే పోతాయి. ఆమెకేమో ఇంట్లో ఆయన పక్కనే ఉండాలని ఉంది. అందుకే ముందు ఆయన కళ్లారా చూడాలి."

ఆ మాట పూర్తిచేసి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. రోగుల ముందు రాయిలా ఉంటాడని పేరున్న మనిషి. అప్పట్నుంచి రోజూ పైకి వచ్చి, పనేమీ లేకపోయినా స్టూలు మీద కూర్చునేవాడు. ఇంట్లో అందరూ కులాసానేనా అని అడిగితే, ఆ, ఆ అని మాట దాటేశాడు. తరచూ ఆసుపత్రికి వచ్చిపోయే ఆయన భార్య కూడా ఈమధ్య కనబడటం లేదు. అది తట్టగానే, ఆ రోగి డాక్టరు భార్యేనేమోనని బొమ్మలాయనకి అనుమానమొచ్చింది. నోరు తెరిచి అడగడానికి మాత్రం మనసొప్పలేదు.

ఒక సాయంత్రం బొమ్మలాయనకి భార్య ఫోన్ చేసింది. చెల్లెలికి సాయంగా ఉంటానని చెప్పి ఆమె ఊరెళ్లింది. అన్నం దగ్గర కణితుల గోలేమిటని విసుక్కునే మనిషి, ఈసారి తనే బొమ్మ ఎంతవరకు వచ్చిందని అడిగింది. అతను తన అనుమానం చెప్పాడు. పాపం ఆవిడకి తన గురించి భయం లేదేమో, ఆయన గురించే బెంగేమో అంది. హడావుడి పడకుండా చెయ్యండి అని కూడా అంది.

అతను అలాగే చేశాడు. ఎరుపు తీసేసి కణితికి తడి మట్టి రంగు వేశాడు. ఆకారం మాత్రం వెంట్రుకవాసి కూడా మార్చలేదు. ఆశపడే మనిషి ముందుగా వెతికేది కత్తి దూరే సందు కనుక బొమ్మ నెమ్మదిగా చుట్టూ తిరిగేలా పెట్టాడు. స్నేహితుడి కోసం ఆ సందు తనే వెతికాడు. వెతికినకొద్దీ ఏడుపొచ్చింది.

బొమ్మ పూర్తయ్యాక డాక్టరు చాలాసేపు చూశాడు.

"ఆయన నమ్ముతాడంటారా?"

"నమ్ముతాడు. నేనే నమ్మాను. ఎటు తిప్పినా దారి లేదు."

"ఇంక ఆమెని ఊళ్లు తిప్పడు కదా?"

"ఇది చూశాక కూడా తిప్పితే, అది ఆమె కోసం కాదు, తన కోసం."

డాక్టరు తల వంచుకున్నాడు. మీకైతే ఈ సంగతి ఎవరు చెబితే బాగుంటుందని మెల్లగా అడిగాడు.

"డాక్టర్లెవరూ వద్దు. ఆవిడే వచ్చి పక్కన కూర్చోవాలి. ఆయన్ని ఏడవనివ్వాలి. తరవాత ఇద్దరూ ఇంటికి వెళ్లిపోవాలి."

అని, బొమ్మలాయన డాక్టరు భుజం మీద చెయ్యి వేశాడు. ధైర్యంగా ఉండండి, మీకు నేనున్నానన్నాడు. డాక్టరు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, దాచుకోకుండా ఏడ్చాడు. ఆమె బయటే కూర్చుని ఉందని చెప్పి లేచి వెళ్లాడు.

బొమ్మలాయన గబగబా కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు భార్య కూర్చోవడానికి తన కుర్చీ ముందుకు జరిపాడు. ఆమెతో ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటుండగా తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో బొమ్మలాయన భార్య నిలబడి ఉంది.