పోలమ్మ పుస్తకం

చేతికి కట్టుకునే స్మార్ట్ పట్టీలే జబ్బులు చెప్పేస్తున్న రోజులవి. డాక్టర్లు రోగులను ఏమీ అడగడం లేదు. అందుకే విశాఖలోని ఒక వైద్య కళాశాల లైబ్రేరియన్ సువర్చల, తమ బాధలను తామే రాసి, బొమ్మలేసి, కుట్టి ఇమ్మని రోగులను బతిమాలింది. నలభై చిట్టి పుస్తకాలు పోగయ్యాయి. శుక్రవారంలోగా ఒక్క డాక్టరైనా చదవకపోతే వాటిని లైబ్రరీలోంచి తీసేయమన్నాడు ప్రిన్సిపాల్.

గురువారం చేపలమ్మే పోలమ్మ తన పుస్తకం తెచ్చింది. సువర్చల దాన్ని కుర్ర డాక్టర్ నిశ్చల్ చేతిలో పెట్టింది.

"పట్టీ నాకేటీ నేదంటాది. గంప దించితే నేల పడవలాగ ఊగుతాది." అని అందులో ఉన్నది చదివి నిశ్చల్ నవ్వాడు. మళ్లీ చదివి, నవ్వడం మానేశాడు.

"ఈవిడ ఎక్కడున్నారండీ?"

"బయట మెట్ల మీద."

వెళ్లి పక్కనే కూర్చున్నాడు. "ఎప్పట్నుంచమ్మా ఇలా?"

పోలమ్మ ముఖం విప్పారింది. "ఇంకో పుస్తకానికి సరిపడా ఉన్నాది బాబూ, సర్దుకుని కూకో!"