చీఫ్ బారన్ల రౌండ్

ఆ శనివారం జూమ్‌లోకి ఒక్కరూ ఆలస్యంగా రాలేదు. ఐర్లండ్‌లోని కిల్కెన్నీ తెలుగువాళ్ళలో అదో వింత.

గిరిజాకుమారి పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. కరోనా తగలడంతో ఆమెని గది దాటొద్దన్నారు. భర్త కేశవరావు ఉన్నచోటికి వెళ్ళే వీల్లేదు. ఆకలి తెలియడం లేదు, రుచి తెలియడం లేదు. మనసూ అలాగే చప్పగా ఉంది.

లాక్‌డౌన్ మొదలయ్యాక క్విజ్ పెట్టింది కేశవరావే. సినిమా ప్రశ్నలు నడిచినంతసేపూ అందరికీ హుషారే. ఆఖరి రౌండ్ మాత్రం ఆయన పిచ్చి: ఐర్లండ్ చీఫ్ బారన్లు. అంటే పూర్వం రాజుగారి ఖజానా కోర్టులో కూర్చున్న పెద్ద జడ్జీలు. ఆ రౌండ్ రాగానే ఒకరికి నెట్ పోయేది, ఇంకొకరికి పొయ్యి మీద పాలు పొంగేవి. గిరిజాకుమారికైతే ప్రతివారం పప్పు మాడేది.

"ఒక్కరైనా ఒక్క పేరు చెప్పండయ్యా!" అని బతిమాలేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

చివరికి అలిగాడు. "మీకో దణ్ణం. ఇక నేనడగను," అని క్విజ్ మానేశాడు.

ఈసారి లింకు పంపింది వినీత్. డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ రౌండ్‌ని అందరికంటే ఎక్కువ వెక్కిరించింది అతనే.

"అంకుల్, ఇవాళ మీరు అడగక్కర్లేదు, మేమే చెప్తాం," అన్నాడు. "ఐర్లండ్ ఆఖరి చీఫ్ బారన్ పాలెస్. కరెక్టేనా?"

కేశవరావు పలకలేదు.

"బిఫోర్ హిమ్, పిగట్, తాతయ్యా," అంది వినీత్ కూతురు హాసిని, ఐరిష్ యాసలో.

"ఆయనకి ముందు బ్రేడీ," అన్నాడు కొండల్ రావు.

"బ్రేడీకి ముందు వుల్ఫ్ అండీ," అంది సీతాలక్ష్మి.

ఎవరూ కాగితం చూడలేదు. ఒక్క పేరూ తప్పు పోలేదు. ఇన్నాళ్ళూ మీకేం రోగం అని వాళ్ళని అడగాలనిపించింది గిరిజాకుమారికి. తనకేం రోగమో కూడా తెలియలేదు. కోపం రావాల్సిన చోట ఏమీ రాలేదు.

మైక్ ఆన్ చేసింది.

"ఏవండీ, వుల్ఫ్‌కి ముందు జాయ్," అంది. పొద్దుటి నుంచి బట్టీ పట్టిన పేరు. "నాకూ వచ్చండీ. ఒక్కసారి కరెక్ట్ అనండి."

తెరమీద, డబ్లిన్ దహనవాటికలో, మాస్కులు కట్టుకున్న ఇద్దరు మనుషులు కేశవరావు శవపేటికను నెమ్మదిగా లోపలికి తోశారు.