బడి గుహకు పరీక్ష

ఒక కొండ గుహలో నెమలి పంతులు కుందేలు పిల్లలకు చదువు చెప్పేవాడు. ఒక వేసవిలో పక్క కొండ కంపించి, అక్కడి బడి గుహ కూలిపోయింది. ఆ రోజు సెలవు కాబట్టి పిల్లలు బతికిపోయారు. ఆ సంగతి విన్న ఒక తల్లి కుందేలు, ఒంటినిండా పొలుసులుండి, నేల తవ్వడంలో ఆరితేరిన అలుగును పిలుచుకొచ్చింది.

అలుగు గోడలు తట్టి చూసింది. రాతి స్తంభాల మొదట్లో తవ్వి చూసింది.

"కప్పు బరువంతా ఈ రెండు స్తంభాల మీదే ఉంది. ఇందులో ఒకటి ఇసుకలో నిలబడింది. నేల ఊగితే ఆగదు" అంది.

నెమలి పంతులు నొచ్చుకున్నాడు. "ఇది మా తాతల నాటి గుహ. ఎన్ని గాలివానలు చూసిందో నీకేం తెలుసు?"

"వానలు చూసింది పంతులుగారూ. నేల ఊగడం చూసిందా?"



"అది చూసేదాకా నేను ఆగలేను" అంది తల్లి కుందేలు.

నెల రోజులు పిల్లలు నేరేడు చెట్టు కింద చదువుకున్నారు. ఈలోగా పెద్ద కుందేళ్ళు అలుగుతో కలిసి ఇసుక తోడేసి, బండలు పేర్చి, స్తంభానికి గట్టి పునాది వేశాయి.

వానాకాలం వెళ్ళాక ఒక ఉదయం, పాఠం మధ్యలో నేల ఊగింది. కప్పు నుంచి మట్టి రాలింది కానీ బండ కదల్లేదు.

అందరూ బయటికొచ్చాక నెమలి పంతులు పురి విప్పాడు. "మా గుహ గట్టిదని నేను ముందే చెప్పాను కదా" అన్నాడు.

తల్లి కుందేలు కోపంగా అలుగు వైపు చూసింది.

"చెప్పుకోనీ వదినా" అంది అలుగు. "నువ్వు ముందు పిల్లల్ని లెక్కపెట్టు."